అలర్జీ టీకా: వచ్చాక వేసేదేనా, రాకుండా ఆపేది కూడా ఉందా?

రాజోలు_అమ్మ
మా పెద్దోడికి ఏడేళ్ళు. మూడో ఏట నుంచి పిల్లికూతలు. వానలు పడ్డాయంటే చాలు, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటాడు. వీపు నిమురుతూ నేను, నెబ్యులైజర్ పట్టుకుని వాళ్ళ నాన్న. కరెంటు పోతే ఇక మా ప్రాణాలు మా దగ్గర ఉండవు.

క్రితం వారం రాజమండ్రి తీసుకెళ్తే చేతి మీద పరీక్ష చేశారు. మోచేయి నుంచి మణికట్టు దాకా పెన్నుతో అంకెలు రాసి, ఒక్కో అంకె పక్కన ఒక్కో చుక్క మందు వేసి, దాని మీద సూదిమొనతో అంటీ అంటనట్టు గుచ్చారు. పావుగంట తిరక్కుండానే 3 దగ్గర, 9 దగ్గర కందిరీగ కుట్టినట్టు దద్దు లేచింది. 3 అంటే ఇంటి దుమ్ములో ఉండే నల్లి అట, 9 బొద్దింక. వాడు ఏడవలేదు గానీ 'అమ్మా, తొమ్మిదో నంబరు దురద' అని ఇంటికొచ్చే దాకా గోకుతూనే ఉన్నాడు.

డాక్టరు గారు 'అలర్జీ వ్యాక్సిన్ మొదలుపెడదాం, మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది' అన్నారు. టీకా అంటే తట్టు టీకాలాగా ఒకటో రెండో వేస్తే అయిపోయేది కదా? ఐదేళ్ళు వేసేది టీకా ఎలా అవుతుంది? ఇంకో మాట. నాకు ఐదు నెలల పాప ఉంది. దానికి అసలు ఈ ఉబ్బసం రాకుండా ముందే వేసే టీకా ఏదైనా ఉందా? ఈ రెండోదే నా అసలు ప్రశ్న. అన్నం తింటున్నా దాని మీదే ధ్యాస.

గోదారి_గట్టు
ఐదేళ్ళ ఇంజెక్షన్లంటే ఐదేళ్ళ వ్యాపారం అక్కా. తొందరపడకండి.

కాకినాడ_సిస్టర్
గట్టు గారూ, తెలియకుండా అలా అనేయకండి. నేను అలర్జీ ఇంజెక్షన్లు వేసే చోట పదకొండేళ్ళు పని చేశాను. బాగుపడిన పిల్లల్నీ చూశాను, ఉపయోగపడని వాళ్ళనీ చూశాను. సాయంత్రం డ్యూటీ దిగాక వివరంగా రాస్తాను.

పాలకొల్లు_మాస్టారు
అమ్మా, మొదటి ప్రశ్నకి నేను చెబుతాను. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పాను, నాకూ ఉబ్బసమే, అందుకని ఈ సంగతి వెంటపడి చదివాను.

టీకా అన్న మాట తప్పేమీ కాదు. 1998లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రమే ఈ ఇంజెక్షన్లను 'చికిత్స కోసం వేసే టీకాలు' అంది. కాకపోతే పని తలకిందులు. పోలియో టీకా ఒంటికి 'వీడు శత్రువు, గుర్తుపట్టి కొట్టు' అని నేర్పుతుంది. అలర్జీ టీకా 'వీడు శత్రువు కాదు, ఊరుకో' అని నేర్పాలి. కొట్టమని నేర్పడం తేలిక. పగబట్టిన వాడిని ఊరుకోబెట్టాలంటే ఏళ్ళు పడుతుంది. మీకు చెప్పిన ఐదేళ్ళ సంగతి అదే.

ఇది నిన్నా మొన్నా పుట్టింది కూడా కాదు. 1911లో లండన్ సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో లియొనార్డ్ నూన్ అనే ఆయన గడ్డి పుప్పొడి తీసి, నీళ్ళలో నానబెట్టి, ఆ రసాన్ని కొంచెం కొంచెంగా పెంచుతూ రోగులకి సూదితో ఎక్కించాడు. పుప్పొడిలో విషం ఉందనీ, దానికి విరుగుడు ఒంట్లో తయారవుతుందనీ ఆయన నమ్మకం. ఆ నమ్మకం తప్పు. పద్ధతి మాత్రం పనిచేసింది. రెండేళ్ళకే ఆయన క్షయతో పోయాడు, తోటివాడు జాన్ ఫ్రీమన్ కొనసాగించాడు. ఎందుకు పనిచేస్తోందో తెలియకుండానే యాభై ఏళ్ళకు పైగా వేశారు.

గోదారి_గట్టు
తెలియకుండా యాభై ఏళ్ళు వేశారా మాస్టారూ? మీరు నా మాటకే బలం ఇస్తున్నారు.

పాలకొల్లు_మాస్టారు
నాయనా, మశూచి టీకా కూడా వైరస్ అంటే ఏంటో తెలియక ముందే వేశారు. పనిచేసింది, మశూచి పోయింది.

తణుకు_తమ్ముడు
మాస్టారు ఆపిన చోట నుంచి నేను. ఇమ్యునాలజీలో, అంటే రోగనిరోధక శాస్త్రంలో, పరిశోధన చేస్తున్నాను, ఊరు తణుకు పక్కనే.

అలర్జీకి మూలం ఐజీఈ అనే యాంటీబాడీ. 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు ఇషిజాకాలు దాన్ని పట్టుకున్నారు, ఇంచుమించు అప్పుడే స్వీడన్ వాళ్ళూ వేరుగా పట్టుకున్నారు. అలర్జీ ఉన్నవాళ్ళలో ఈ ఐజీఈ, మాస్ట్ కణాలనే రక్షణ కణాల మీద ముళ్ళలా గుచ్చుకుని కూర్చుంటుంది. నల్లి తాలూకు ప్రోటీన్ వచ్చి ఆ ముళ్ళకి తగలగానే కణం పగిలినట్టయి హిస్టమిన్ అనే రసాయనం బయటికి వస్తుంది. రాజోలు అక్కా, బాబు చేతి మీద లేచిన దద్దు అదే. అదే పని ఊపిరి గొట్టాల్లో జరిగితే పిల్లికూతలు.

ఇంజెక్షన్లతో రెండు మార్పులు వస్తాయి. ఒకటి, ఐజీజీ4 అనే వేరే యాంటీబాడీ పెరిగి, ప్రోటీన్ ముళ్ళ దాకా రాకముందే దారిలో పట్టేసుకుంటుంది. రెండు, గొడవ సర్దుబాటు చేసే టీ కణాలు పెరుగుతాయి. ఈ రెండోదే నిలకడగా ఉండే మార్పు, దానికే మూడేళ్ళు కావాలి.

రొయ్యల_రేవు
నల్లి అంటే కొబ్బరికాయకి పట్టే నల్లేనా? మా చిన్నాన్న తోటలో కాయలన్నీ గిడసబారిపోయాయి దానివల్ల. అదే ఇంట్లోకి వస్తుందా?

తణుకు_తమ్ముడు
ఒకే తెగ బాబాయ్, ఇంటిపేరు వేరు. రెండూ సాలీడుకి చుట్టాలే, కంటికి కనపడవు. కొబ్బరి నల్లి కాయ తొడిమ కింద రసం పీల్చి బతుకుతుంది, మన మీద దానికి పనిలేదు. ఇంటి దుమ్ము నల్లి మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు తిని బతుకుతుంది. నీళ్ళు తాగదు, గాలిలో తేమనే పీల్చుకుంటుంది. గాలి బాగా పొడిగా ఉంటే ఎండిపోయి చస్తుంది. మన కోనసీమలో గాలి ఎప్పుడు పొడిగా ఉంటుంది చెప్పండి? చుట్టూ కాలవలు, ఆ పక్క సముద్రం, శ్రావణం వస్తే గోడలకి చెమ్మ. దానికి ఇంతకన్నా మంచి కాపురం దొరకదు. అసలు బాధ పురుగుతో కాదు, దాని రెట్టలో ఉండే ప్రోటీన్‌తో.

అంబాజీపేట_పీచు
అందుకే మా అబ్బాయికి మేనమామ గారి డాబా ఇంట్లో పడుకుంటే రాదు, మా పాత పెంకుటింట్లో పడుకుంటే వస్తుంది. ఇన్నాళ్ళూ కొబ్బరి పీచు దుమ్ము అనుకుంటున్నాను.

కాకినాడ_సిస్టర్
పీచు దుమ్ముకీ వస్తుంది అన్నయ్యా, అది వేరే దారి. ఊపిరి గొట్టాలు ముందే వాచి ఉన్నవాళ్ళకి ఏ దుమ్మైనా, ఏ పొగైనా రాపిడే. పరీక్ష చేస్తే గానీ ఏది అలర్జీయో, ఏది రాపిడో తేలదు. పరీక్షకి వెళ్ళేటప్పుడు జలుబు మాత్రలు, సెట్రిజిన్ లాంటివి ఓ వారం ముందే డాక్టరుకి చెప్పి ఆపాలి. లేకపోతే దద్దు లేవదు, ఏమీ లేదని పంపేస్తారు.

ఇక రాజోలు చెల్లీ, ఇంజెక్షన్ల గురించి. మొదట్లో వారం వారం, డోసు కొంచెం కొంచెం పెంచుతూ పోతారు. పైడోసుకి చేరాక నెలకోసారి. జబ్బ వెనకాల చర్మం కింద వేస్తారు, సన్న సూది, పిల్లలు పెద్దగా ఏడవరు. వేశాక అరగంట కచ్చితంగా అక్కడే కూర్చోవాలి. బస్సు పోతుందని లేచిపోకూడదు. ఎందుకంటే ఏ సరుకు పడదో ఆ సరుకునే ఒంట్లోకి ఎక్కిస్తున్నాం. చాలా అరుదుగానే, కానీ ఒళ్ళంతా దద్దులు లేచి, గొంతు పట్టేసి, బీపీ పడిపోవచ్చు. వెంటనే తొడకి అడ్రినలిన్ వేస్తే తేరుకుంటారు. అది చేతికందేలా లేని చోట వేయించుకోకండి.

ఆయాసం వచ్చిన రోజున ఇంజెక్షన్ వద్దు. జ్వరం ఉన్న రోజునా వద్దు. ఉబ్బసం ముందు మందులతో అదుపులోకి వచ్చాకే మొదలుపెట్టాలి.

మండపేట_మిల్లు
సిస్టర్ గారు చెప్పిన అరగంట మాట ప్రతి ఒక్కరూ రాసిపెట్టుకోవాలి. నాకు ఒక చోట, పేరు చెప్పను, సూది వేసి 'ఇక వెళ్ళిపోవచ్చు' అన్నారు. బండి స్టార్ట్ చేసి రావులపాలెం బ్రిడ్జి ఎక్కేసరికి అరచేతులు దురద, పెదాలు బరువు. వెనకాల మా బావమరిది ఉన్నాడు కాబట్టి సరిపోయింది. దగ్గర్లో ఆసుపత్రికి తీసుకుపోతే సూది వేసి సాయంత్రం దాకా పడుకోబెట్టారు. ఆ భయంతో ఏడాదికే మానేశాను. మానేసిన ఆరు నెలలకి మళ్ళీ మామూలే. బియ్యం మిల్లులో గుమస్తా పని, మరి ఊక దుమ్ము తప్పదు.

గోదారి_గట్టు
చూశారా. నేనన్నది ఇదే.

మండపేట_మిల్లు
లేదు గట్టు, నువ్వన్నది ఇది కాదు. ఆ ఏడాదిలో రాత్రులు నిద్రపోయాను. పంపు (ఇన్‌హేలర్) వాడటం సగానికి తగ్గింది. నేను మానేయడం తప్పు, వాళ్ళు అరగంట కూర్చోబెట్టకపోవడం తప్పు. మందు తప్పు కాదు.

సఖినేటిపల్లి_రేవు
రాజోలు అక్కా, మీ ఇంట్లో పెద్దవాళ్ళు చేప మందు మాట ఎత్తలేదా? మా ఇంట్లో మృగశిర వస్తే రైలు టిక్కెట్లే టిక్కెట్లు. మా నాన్న మూడేళ్ళు కొర్రమీను మింగారు.

రాజోలు_అమ్మ
ఎత్తకపోవడమా! మా అత్తగారు పరీక్ష కాయితం చూడకుండానే 'హైదరాబాదు తీసుకెళ్ళండి, బతికున్న చేప నోట్లో వేస్తారు, మూడేళ్ళలో పోతుంది' అన్నారు. ఆవిడ ప్రేమని కాదనలేను. వాడిని ఎత్తుకుని రాత్రంతా తిరిగేది ఆవిడే. మీ నాన్నగారికి తగ్గిందా?

సఖినేటిపల్లి_రేవు
మొదటి ఏడు తగ్గిందన్నారు. రెండో ఏడు పంపు మానేశారు. ఆ పుష్యమాసంలో ఆసుపత్రిలో వారం ఉన్నారు. అంతకన్నా రాయలేను.

కాకినాడ_సిస్టర్
చేప మందు ఉబ్బసాన్ని తగ్గిస్తుందని సరైన పరీక్షల్లో తేలలేదు. నమ్మకంతో వెళ్ళే వాళ్ళని నేను తిట్టను, చేతులు పట్టుకుని ఒక్కటే అడుగుతాను: వెళ్ళినా సరే, పంపు ఆపకండి. మన దేశంలో ఉబ్బసం ఉన్నవాళ్ళు మూడు కోట్లకు పైనే. ప్రపంచం మొత్తం మీద ఉబ్బసంతో పోయేవాళ్ళలో పదింట నలుగురు ఇక్కడివాళ్ళే. అంత మంది పోవడానికి పెద్ద కారణం, వాపు తగ్గించే పంపు వాడకపోవడం, వాడినా మధ్యలో వదిలేయడం. 'పంపు అలవాటైపోతుంది' అన్న మాట మన పల్లెల్లో ఎంత మందిని తీసుకుపోయిందో నేను కళ్ళారా చూశాను. పంపులో స్టెరాయిడ్ మైక్రోగ్రాముల్లో ఉంటుంది, సరాసరి ఊపిరితిత్తికే వెళ్తుంది. వాడాక నోరు పుక్కిలించి ఉమ్మితే చాలు.

ముమ్మిడివరం_తాత
నాది వేరే కథ, పిల్లలూ. నాకు నలభై ఏళ్ళప్పుడు రాత్రి పూట దగ్గు, ఆయాసం. ఉబ్బసం అన్నారు, రెండేళ్ళు ఉబ్బసం మందులే మింగాను. ఆఖరికి ఒక పెద్ద డాక్టరు రక్తం చూసి, 'ఇది ఉబ్బసం కాదయ్యా, ఇస్నోఫీలియా, మీ ఊళ్ళో బోదకాలు ఉందా?' అని అడిగాడు. మా వీధిలోనే నలుగురికి ఉండేది. బోదకాలు మాత్రలే మూడు వారాలు ఇచ్చాడు. పోయింది. మళ్ళీ రాలేదు. కాబట్టి మన వైపు వాళ్ళు ఉబ్బసం అనగానే ఖాయం చేసుకోకండి, రక్తపరీక్ష ఒకటి చేయించండి.

తణుకు_తమ్ముడు
తాతగారూ, మీరు చెప్పింది బంగారం. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు పిల్లలు రక్తంలో తిరుగుతుంటే ఊపిరితిత్తులు వాటి మీద తిరగబడతాయి. అదే ఆ జబ్బు. ఇస్నోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరుగుతాయి, ఐజీఈ కూడా.

మన చర్చకి ఇక్కడే ఒక ముడి ఉంది. అసలు ఐజీఈ ఒంట్లో ఎందుకుంది? ఇలాంటి పురుగుల్ని తరమడానికే అని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. పురుగుల కోసం పెట్టుకున్న కాపలావాడు పుప్పొడినీ నల్లినీ చూసి కర్ర ఎత్తుతున్నాడు. కాపలావాడిని పూర్తిగా ఇంటికి పంపేసే టీకా వేస్తే, మనలాంటి చోట పురుగులొస్తే ఎవరు చూస్తారు? రాకుండా ఆపే టీకా తయారుచేసే వాళ్ళని పట్టి పీడించే ప్రశ్నల్లో ఇదొకటి.

కడియం_నర్సరీ
అయితే పల్లెల్లో మట్టిలో ఆడుకునే పిల్లలకి అలర్జీ రాదంటారు, అది నిజమేనా? మా నర్సరీలో పనికొచ్చే వాళ్ళ పిల్లలు రోజంతా ఎరువులో దొర్లుతారు, ఒక్కడికీ తుమ్ము రాదు. మా పాపని ఏసీలో పెంచాం, దానికి వారానికో డబ్బా టిష్యూలు.

పాలకొల్లు_మాస్టారు
సగం నిజం. 1989లో స్ట్రాకన్ అనే ఆయన బ్రిటన్‌లో 17 వేల మందికి పైగా పిల్లల లెక్కలు చూశాడు. పైన అన్నలు అక్కలు ఎంత ఎక్కువ మంది ఉంటే చిన్నవాడికి పుప్పొడి జలుబు అంత తక్కువ. చిన్నప్పుడే సూక్ష్మజీవులతో పరిచయమైతే ఒంటికి ఓర్పు వస్తుందన్న ఆలోచన అక్కడ మొదలైంది.

2016లో అమెరికాలో ఇంకొకటి వచ్చింది. అమిష్ వాళ్ళూ, హటరైట్ వాళ్ళూ, రెండూ యూరప్ నుంచి వలస వెళ్ళిన రైతు కుటుంబాలే, రక్తం దగ్గరిదే. అమిష్ వాళ్ళు ఇంటి పక్కనే ఆవులు, గుర్రాలతో పాతకాలపు సేద్యం. హటరైట్ వాళ్ళు యంత్రాలతో పెద్ద సేద్యం, పశువులు ఇళ్ళకి దూరం. ఉబ్బసం అమిష్ పిల్లల్లో నూటికి ఐదుగురికి, హటరైట్ పిల్లల్లో ఇరవై ఒక్కరికి. అమిష్ ఇళ్ళ దుమ్ము తెచ్చి ఎలుకల ముక్కులో వేస్తే వాటికీ ఉబ్బసం రాకుండా ఆగింది.

ఇది చదివిన రోజు నాకు మా పెరటి పశువుల కొట్టం కళ్ళ ముందు కదిలింది. మా నాన్నగారి రోజుల్లో నాలుగు ఎడ్లు, రెండు గేదెలు. ఇప్పుడు ఆ చోట ట్రాక్టరు నిలబెడుతున్నారు.

రొయ్యల_రేవు
మాస్టారూ, కొట్టం దుమ్ము మంచిదని ఎవరైనా పిల్లల్ని గడ్డి తగలబెట్టే చోటికి పంపగలరు. దాళ్వా కోత మిషన్ వెళ్ళాక చేలల్లో గడ్డి అంటిస్తే మా ఊరు మూడు రోజులు కనపడదు.

పాలకొల్లు_మాస్టారు
బాగా గుర్తుచేశావు. పొగ పిల్లలకి హానే, అందులో మంచి అన్నది లేదు. కొట్టం సంగతీ పుట్టిన మొదటి నెలల గురించే. ఉబ్బసం వచ్చేసిన వాడిని తీసుకెళ్ళి కొట్టంలో కూర్చోబెడితే తగ్గదు, పెరుగుతుంది.

రాజోలు_అమ్మ
తమ్ముడూ, పాప సంగతి ఎవరూ చెప్పడం లేదు.

తణుకు_తమ్ముడు
దాటేస్తున్నానని అనుకోకండి అక్కా, ముందు నేపథ్యం చెప్పాలని ఆగాను. సూటిగా: ఆరోగ్యంగా ఉన్న పాపకి ఉబ్బసం రాకుండా వేసే టీకా ఈరోజు ఎక్కడా లేదు. ఎవరైనా ఉందని అమ్మితే నమ్మకండి.

ప్రయత్నాలు మాత్రం జోరుగా ఉన్నాయి. మీ పాప లాంటి పిల్లల మీదే ఒకటి జరిగింది. ఇంగ్లండ్‌లో సౌతాంప్టన్ వాళ్ళు, ఇంట్లో పెద్దలకి అలర్జీ ఉన్న 111 మంది ఏడాది లోపు పాపల్ని తీసుకుని, సగం మందికి నల్లి రసం నోటి చుక్కలుగా ఏడాది పాటు ఇచ్చారు. 2014లో ఫలితం వచ్చింది. ఏదో ఒకదానికి అలర్జీ లక్షణం పరీక్షలో కనిపించింది మందు తీసుకున్న వాళ్ళలో నూటికి 9 మందికి, తీసుకోని వాళ్ళలో 25 మందికి. బాగుందనిపిస్తుంది కదా? కానీ ప్రత్యేకంగా నల్లికే అలర్జీ తగ్గిందా అని చూస్తే తేడా తేలలేదు. చిన్న పరీక్ష. ఆశ పుట్టించింది గానీ ఆసుపత్రుల్లోకి రాలేదు.

అలర్జీ వల్ల జలుబు ఉన్న పిల్లలకి అది ఉబ్బసంగా ముదరకుండా ఆపడం ఇంకో మెట్టు. యూరప్‌లో పుప్పొడి పడని పిల్లలకి మూడేళ్ళు ఇంజెక్షన్లు ఇచ్చి, మొదలుపెట్టిన పదేళ్ళకి చూస్తే ఉబ్బసం తక్కువ మందికి వచ్చింది. అదే పని గడ్డి పుప్పొడి మాత్రలతో 812 మంది మీద చేస్తే, 2018లో వచ్చిన ఫలితంలో, పెట్టుకున్న అసలు గురి తగల్లేదు. ఉబ్బసం లక్షణాలు, మందుల వాడకం మాత్రం తగ్గాయి. రెండూ చెప్పడమే న్యాయం.

కొత్త దారుల్లో నాకు బాగా నచ్చినది 2021లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళది. అలర్జీని ఎగదోసే రెండు సంకేతాలు ఉంటాయి, ఐఎల్-4, ఐఎల్-13. వాటిని డిఫ్తీరియా తాలూకు విషం తీసేసిన ప్రోటీన్‌కి అతికించి ఎలుకలకి టీకా వేశారు. ఎలుక ఒళ్ళే ఆ సంకేతాల్ని పట్టేసే యాంటీబాడీలు తయారుచేసుకుంది, నల్లి దుమ్ము పీల్పించినా ఉబ్బసం తగ్గింది. ఇప్పుడు ఇదే పని చేసే ఖరీదైన ఇంజెక్షన్లు రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసుకోవాలి. టీకాతో ఒళ్ళే వాటిని తయారుచేస్తే మనలాంటి వాళ్ళకి అందుబాటులోకి వస్తుంది. వియన్నా వాళ్ళదీ ఉంది. గడ్డి పుప్పొడి ప్రోటీన్‌లో ఐజీఈకి తగలని చిన్న ముక్కలు మాత్రమే తీసుకుని, హెపటైటిస్ బీ వైరస్ ప్రోటీన్‌కి అతికించి, మనుషుల మీదే పరీక్షించారు. అలాంటిది నిలబడితే మిల్లు అన్నయ్యకి బ్రిడ్జి మీద జరిగినట్టు జరిగే భయం చాలా తగ్గుతుంది.

కడియం_నర్సరీ
ఎలుకల్లో తగ్గితే మనుషుల్లో ఎప్పటికి?

తణుకు_తమ్ముడు
ఏళ్ళు. అదీ నిలబడితే. జబ్బు లేని పసిబిడ్డకి వేసే టీకా అంటే తప్పు అసలు జరగకూడదు. రాబోయే పదిహేనేళ్ళు కనిపెట్టుకుని ఉండాలి, అప్పుడు గానీ ఆగిందో లేదో తెలియదు. అందుకే డబ్బు పెట్టేవాళ్ళు వెనకాడతారు. నాకు కోపం వచ్చేది అక్కడే. నల్లి మన తేమ ప్రాంతాల జబ్బు. పెద్ద పరీక్షలు చూస్తే ఎక్కువ చలిదేశాల గడ్డి పుప్పొడి మీదే. మన డెల్టా పిల్లల మీద, మన నల్లి జాతుల మీద పెద్ద ఎత్తున పని జరగాలి. ఇక్కడి దుమ్ములో బ్లోమియా అనే వేడిప్రాంతాల నల్లి కూడా ఉంటుంది, పరీక్షలో అది పెట్టారో లేదో అడగండి అక్కా.

రొయ్యల_రేవు
అసలు అడగాలనుకున్నది ఇది. మా ఆవిడ భీమవరం దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో చేసేది. ఉడకబెట్టే చోట ఆవిరి తగిలితే కళ్ళు వాచి, ఆయాసం. పని మానిపించాను. ఇప్పుడు ఇంట్లో దుమ్ము దులిపినా వస్తోంది. రొయ్యకీ దుమ్ముకీ సంబంధం ఏంటి?

తణుకు_తమ్ముడు
సంబంధం ఉంది బాబాయ్. రొయ్య, బొద్దింక, నల్లి, మూడింటి కండలోనూ ట్రోపోమయోసిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, దాదాపు ఒకే అచ్చు. ఒకదానికి పగబట్టిన ఐజీఈ మిగతా రెండింటినీ అదే మనిషి అనుకోవచ్చు. వండినా అది చెడదు, ఆవిరిలోనూ వస్తుంది. పిన్నిగారికి పరీక్ష చేయించండి. రాజోలు అక్కా, మీ బాబుకి 3, 9 రెండూ లేచాయి కదా, రొయ్యలు తిన్నప్పుడు ఏమైనా అవుతోందా గమనించండి. ఏమీ కాకపోతే ఊరికే మాన్పించకండి.

రాజోలు_అమ్మ
రొయ్యల ఇగురు ఉంటే ఇంకో ముద్ద కలుపు అంటాడు. ఏమీ కాలేదు ఇప్పటిదాకా.

కాకినాడ_సిస్టర్
అయితే పెట్టండి. తిండి విషయంలో భయంతో మాన్పించడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువని ఇప్పుడు తెలుస్తోంది. 2015లో లండన్ వాళ్ళు, అలర్జీ వచ్చే అవకాశం బాగా ఉన్న 640 మంది పసివాళ్ళలో సగం మందికి ఏడాది లోపే వేరుశనగ తినిపించారు, సగం మందికి మాన్పించారు. ఐదో ఏట చూస్తే మాన్పించిన వాళ్ళలో నూటికి 17 మందికి వేరుశనగ అలర్జీ, తినిపించిన వాళ్ళలో 3. రాకుండా ఆపిన టీకా అంటే నా దృష్టిలో అదే. సూది లేదు, సీసా లేదు. పాపకి ఆరో నెల అన్నప్రాశన అయ్యాక గుడ్డు, మెత్తగా నూరిన వేరుశనగ, చేప ఒక్కోటే మెల్లగా అలవాటు చేయండి. ఒంటికి గజ్జి లాంటి ఎగ్జిమా బాగా ఉంటే మాత్రం ముందు డాక్టరుని అడగండి. గింజలు గింజలుగా పెట్టకండి, గొంతులో అడ్డం పడతాయి.

ఇది ఉబ్బసానికి హామీ కాదు, తిండి అలర్జీకి. అదీ స్పష్టంగా చెబుతున్నాను.

అంబాజీపేట_పీచు
పరుపుల సంగతి చెప్పండి సిస్టర్ గారూ. మావి బూరుగు దూదివి, మా అమ్మ కాలం నాటివి.

కాకినాడ_సిస్టర్
పాత దూది పరుపు నల్లికి పుట్టిల్లు. తీసేయగలిగితే తీసేయండి. లేదంటే దగ్గరి నేత ఉన్న జిప్పు కవరు పూర్తిగా తొడగండి, దిండ్లకి కూడా. దుప్పట్లు వారానికోసారి కాగులో సలసలా మరిగిన నీళ్ళలో. చేయి పెట్టగలిగే వేడికి అది చావదు. డాబా మీద ఎండేస్తే పురుగు చస్తుంది కానీ రెట్ట అలాగే ఉంటుంది, కాబట్టి ఎండేశాక దులపాలి, దులిపేటప్పుడు పిల్లాడు దగ్గర ఉండకూడదు. చీపురుతో పొడిగా ఊడవకుండా తడిగుడ్డ పెట్టండి. ఒక్క కవరు కొంటే సరిపోదు, అన్నీ కలిపి చేస్తేనే కొంచెం తేడా.

గోదారి_గట్టు
సిస్టర్ గారూ, నేను మొదట రాసింది వెనక్కి తీసుకుంటున్నాను. మా చెల్లెలి కొడుక్కి చిన్నప్పుడు ఆసుపత్రుల చుట్టూ తిరిగి ఎకరం పోయింది, ఆ మంట మీద అలా రాశాను. ఒకటి అడుగుతా. ఏడాది వేశాక కూడా గుణం కనపడకపోతే?

కాకినాడ_సిస్టర్
అయ్యో, అందులో వెనక్కి తీసుకోవడానికేముంది, ఆ బాధ నాకు తెలుసు. ఏడాది నిండాక కూడా పిసరంత తేడా లేకపోతే ఆపేయమని డాక్టర్లే చెబుతారు, ఐదేళ్ళు లాగరు. ఒకటి రెండింటికే అలర్జీ గట్టిగా ఉన్న పిల్లలకి బాగా పనిచేస్తుంది, పదిహేనింటికి ఉన్నవాళ్ళకి అంత పనిచేయదు. రాజోలు చెల్లి కొడుకు మొదటి రకం.

రాజోలు_అమ్మ
పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. ముందు పంపు సరిగ్గా వాడమన్నారు, స్పేసర్ (పంపుకి తగిలించే గొట్టం) పెట్టి. వారం నుంచి రాత్రి లేవలేదు. మొన్న సోమవారం మొదటి ఇంజెక్షన్ వేశారు. అరగంట గడియారం చూస్తూ కూర్చున్నాం, జబ్బ మీద రూపాయి బిళ్ళంత ఎర్రబడి సాయంత్రానికి పోయింది. అడ్రినలిన్ ఎక్కడుందో అడిగాను, నర్సమ్మ ట్రేలో చూపించింది. బ్లోమియా పరీక్షలో పెట్టలేదట, ఈసారి పెడతామన్నారు.

మా అత్తగారు ఆవిడ బూరుగు దూది పరుపు ఇవ్వనన్నారు, పుట్టింటి వాళ్ళు పెట్టింది. దాన్ని కవరులో పెట్టి అటక మీదకి ఎక్కించాం, పిల్లాడికి కొత్త చాప వేశాం. చేప మందు మాట మళ్ళీ ఎత్తలేదు. నిన్న సిస్టర్ గారి పోస్టు చదివి వినిపిస్తే, వేరుశనగలు వేయించి పొట్టు తీసి రోట్లో నూరుతూ కూర్చున్నారు. పాపకి ఇంకా మూడు వారాలు ఆగాలి అత్తయ్యా అంటే వినరే.

కాకినాడ_సిస్టర్
ఆ పొడి పెద్దోడికి ఇడ్లీలోకి వేసేయండి. పాపకి అప్పటికప్పుడు తాజాగా నూరి, పాలల్లోనో జావలోనో పల్చగా కలిపి పెట్టండి. రెండో ఇంజెక్షన్‌కి వెళ్ళే ముందు రోజు రాత్రి బాబుకి దగ్గు ఉందా లేదా రాసుకుని వెళ్ళండి చెల్లీ, మొదట అదే అడుగుతారు.